ప్రశ్న ఎవరిది? పాలసీ స్కూళ్ల ఆన్‌లైన్ నెట్‌వర్కులో సీమ జిల్లాలు

2016లో ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’లో స్మార్ట్‌కార్డుల మీద ఒక పరిశోధన పత్రం వచ్చింది. రాసినవారు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్. ఉపాధి హామీ కూలీని, సామాజిక పింఛన్లను వేలిముద్ర చూసి కార్డు ద్వారా చెల్లిస్తే పరిస్థితి ఎలా మారుతుందో వాళ్లు పరిశీలించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకోసం తీసుకున్న ఎనిమిది జిల్లాల్లో కర్నూలు, అనంతపురం, కడప మూడూ ఉన్నాయి. ప్రభుత్వ యంత్రాంగపు సామర్థ్యం గురించి చర్చ వచ్చిన ప్రతిచోటా ఈ పత్రం ప్రస్తావనకు వస్తుంది. బోస్టన్‌లోనో బెర్లిన్‌లోనో దాన్ని చదివే విద్యార్థికి ఈ జిల్లాలు పటంలో ఎక్కడున్నాయో తెలియకపోవచ్చు. ఇక్కడి కూలీ డబ్బు చేతికందడానికి ఎన్నాళ్లు పట్టేదో మాత్రం తెలుస్తుంది.

పబ్లిక్ పాలసీ స్కూళ్ల అంతర్జాతీయ సహకారం గురించి మాట్లాడేటప్పుడు రాయలసీమను ఇంకా ఆ గడప తొక్కని ప్రాంతంగా ఊహించుకోవడం అలవాటైంది. అది సగమే నిజం. సీమ ఆ తరగతి గదుల్లోకి ఎప్పుడో వెళ్లింది. వెళ్లింది సమాచారంగా, నమూనాగా. ప్రశ్న అడిగేవారి వరుసలో కూర్చోవడం ఇంకా జరగలేదు. ఆన్‌లైన్ నెట్‌వర్కుల వల్ల ఈ వరుస మారుతుందా, పాత పద్ధతే చవకగా, వేగంగా సాగుతుందా అన్నదే అసలు తేల్చుకోవలసిన విషయం.

ఈ స్కూళ్లు చేసే పని

పాలసీ స్కూలు అనేది సాధారణ విశ్వవిద్యాలయ విభాగానికి కొంత భిన్నం. ఆర్థికశాస్త్రం, గణాంకాలు, పాలన, రాజకీయాలు అన్నీ ఒకే విద్యార్థికి నేర్పి, రేపు ఒక అధికారి బల్ల మీదికి వచ్చే సమస్యకు రెండు పేజీల్లో సలహా రాయగలిగేలా తయారుచేయడం దాని ఉద్దేశం. నేటి హార్వర్డ్ కెన్నెడీ స్కూలు 1936లో ప్రభుత్వ పాలన స్కూలుగా మొదలైంది. మన పొరుగున బెంగళూరు ఐఐఎంలో అధికారుల కోసం పాలసీ కోర్సు 2002 నాటికే ఉంది. అదే నగరంలోని నేషనల్ లా స్కూలు 2014లో పాలసీలో ఎం.ఏ. స్థాయి చదువు ప్రారంభించింది. హైదరాబాదులో గీతం విశ్వవిద్యాలయం కౌటిల్య స్కూలును నెలకొల్పింది. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ (1981), కేంద్రీయ విశ్వవిద్యాలయం (2018), కడపలో యోగి వేమన (2006), కర్నూలులో రాయలసీమ (2008) విశ్వవిద్యాలయాలు ఉన్నా, ఈ తరహా చదువు ఇక్కడ అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం, ప్రభుత్వ పాలన విభాగాల మధ్య చెల్లాచెదురుగా ఉంది.

స్కూళ్ల మధ్య కూటములు పాతవే. అమెరికాలో 1970లో ఏర్పడిన నాస్పా అనే సంఘం 2013లో పేరులోంచి ‘జాతీయ’ అన్న మాట తీసేసి నెట్‌వర్కుగా మారింది, ఇతర దేశాల స్కూళ్లకూ తలుపు తెరిచింది. గ్లోబల్ పబ్లిక్ పాలసీ నెట్‌వర్క్ అనే మరో కూటమికి కొలంబియా, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, పారిస్‌లోని సియాన్స్ పో పునాది. తరువాత సింగపూర్‌లోని లీ క్వాన్ యూ స్కూలు, బెర్లిన్‌లోని హెర్టీ, టోక్యో విశ్వవిద్యాలయం, సావో పౌలోలోని గెటూలియో వర్గాస్ ఫౌండేషన్ చేరాయి. ఈ ఏడు పేర్లలో భారతదేశం లేదు, ఆఫ్రికా ఖండం లేదు. ఒక ఏడాది ఒకచోట, మరో ఏడాది మరోచోట చదివి రెండు పట్టాలు పొందడం ఇందులో ప్రధాన ఆకర్షణ. న్యూయార్క్‌లో ఒక ఏడాది, పారిస్‌లో ఒక ఏడాది గడపడానికయ్యే ఖర్చు ఆదోనిలోనో రాయచోటిలోనో ఉన్న కుటుంబానికి ఊహకైనా అందేది కాదు.

ఆన్‌లైన్ ఇక్కడే ఆశ పుట్టిస్తుంది. రెండు దేశాల అధ్యాపకులు ఒకే పాఠ్యాంశాన్ని పంచుకుని, విద్యార్థులను కలగలిపి చిన్న బృందాలు చేసి, ఒకే పని అప్పగించే పద్ధతికి న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం 2006లోనే ఒక కేంద్రం పెట్టింది. కోవిడ్ తరువాత అది అన్నిచోట్లా మామూలైంది. విమానం టికెట్ అక్కర్లేదు, వీసా అక్కర్లేదు.

గడియారం కూడా మనకే అనుకూలం. చలికాలంలో కర్నూలులో సాయంత్రం ఆరున్నర అయితే లండన్‌లో మధ్యాహ్నం ఒంటిగంట, న్యూయార్క్‌లో ఉదయం ఎనిమిది, సావో పౌలోలో పది, సింగపూర్‌లో రాత్రి తొమ్మిది, టోక్యోలో పది. అందరూ మెలకువగా ఉండే ఆ ఒక్క వేళ మనకు కాలేజీ ముగిసి ఇల్లు చేరే వేళ. హాస్టల్ గదిలో నలుగురు ఒకే ఫోను హాట్‌స్పాట్ మీద ఆధారపడితే ఈ సౌలభ్యం కాస్తా ఆవిరవుతుంది కానీ, అది డబ్బుతో తీరే సమస్య. తక్కినవి అంత సులభం కాదు.

సమాచారం వెళ్లిన దారి

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం ఇథియోపియా, భారత్, పెరూ, వియత్నాం దేశాల్లో దాదాపు 12,000 మంది పిల్లల జీవితాలను 2002 ప్రాంతం నుంచి వెంబడిస్తోంది. వారిలో మూడు వేల మంది తెలుగు పిల్లలు. అనంతపురం, కడప జిల్లాల ఊళ్లు ఆ నమూనాలో ఉన్నాయి. పసికందులుగా లెక్కల్లోకెక్కినవారు ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటారు. వారి ఎత్తు, బరువు, బడి, పెళ్లి, పని అన్నీ పేర్లు తీసేసి బ్రిటన్‌లోని సమాచార భాండాగారంలో భద్రంగా ఉన్నాయి, నమోదు చేసుకున్న పరిశోధకులెవరైనా వాడుకోవచ్చు. ప్రభుత్వ బడుల్లో ఉపాధ్యాయులకు ఫలితాన్ని బట్టి అదనపు సొమ్ము ఇస్తే పిల్లల చదువు మెరుగుపడుతుందా అన్న ప్రయోగం జరిగిన జిల్లాల్లోనూ కడప ఉంది. వర్షపాతం ఆధారిత పంట బీమాను రైతులు ఎందుకు కొంటారు, ఎందుకు కొనరు అని తొలిరోజుల్లో ఆరా తీసిన పరిశోధకులు మహబూబ్‌నగర్‌తో పాటు అనంతపురానికే వచ్చారు.

స్మార్ట్‌కార్డుల అధ్యయనం జరిగిన తీరు కొంచెం వివరంగా చూడదగ్గది. కోటీ తొంభై లక్షల జనాభా ఉన్న 157 మండలాలను లాటరీ పద్ధతిలో విడగొట్టారు. 112 మండలాలకు కార్డులు ముందు వచ్చాయి, 45 మండలాలకు ఆలస్యంగా. ఏ మండలం ఏ గంపలో పడాలన్నది ఎమ్మెల్యే పలుకుబడి వల్ల కాకుండా అదృష్టం వల్ల తేలింది కాబట్టి, తరువాత కనబడే తేడా కార్డు తెచ్చిన తేడాయేనని నమ్మవచ్చు. రెండేళ్ల తరువాత చూస్తే, కొత్త పద్ధతికి మారిన చెల్లింపులు సుమారు సగమే. అయినా కూలీ డబ్బు తొందరగా అందింది, పక్కదారి పట్టే సొమ్ము తగ్గింది. డబ్బు కోసం పడిగాపులు తగ్గడం వల్ల కూలీలకు మిగిలిన సమయం విలువే కార్డుల ఏర్పాటుకైన ఖర్చుకు సరిపోయిందని లెక్క తేలింది. అదే బృందం 2023లో ‘ఎకనామెట్రికా’లో మరో సంగతి చెప్పింది. ఉపాధి పనులు సక్రమంగా నడిచిన చోట పేద కుటుంబాల ఆదాయం పెరిగింది, ఆ పెరుగుదలలో 86 శాతం పథకం నుంచి నేరుగా కాక బయటి కూలి రేట్లు, బయటి పనుల ద్వారా వచ్చింది. ఉపాధి హామీ వల్ల కూలి పెరిగిందన్న కూలీల సంతృప్తికి ఇందులో ఆధారం దొరుకుతుంది; కూలీలు దొరకడం లేదని రచ్చబండ దగ్గర రైతులు చేసే ఫిర్యాదుకు మాత్రం దొరకదు, ఎందుకంటే బయటి పనులు తగ్గలేదు.

మంచి పరిశోధన, సందేహం లేదు. అయితే ఈ మూడు జిల్లాల్లో చదువుకునే విద్యార్థి చూపు వేరే చోటికి వెళ్లి ఉండేది. కర్నూలు పడమటి మండలాలైన కోసిగి, మంత్రాలయం వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు వెళ్లే కుటుంబాల పిల్లల చదువు ఆ నెలల్లో ఏమవుతోంది, సీజనల్ హాస్టల్ తెరిచే తేదీకి, ఊరు ఖాళీ అయ్యే తేదీకి పొంతన ఉందా అని అడిగి ఉండేవారు. ఇలాంటి ప్రశ్న పెద్ద పత్రికలో అచ్చుకు నోచుకోకపోవచ్చు. జిల్లా విద్యాశాఖాధికారికి మాత్రం వెంటనే పనికొస్తుంది. పాలసీ చదువు ఎవరికోసమన్న తగవు ఇక్కడే ఉంది.

ఇక్కడి నుంచి వెళ్లిన పాఠాలు

బయటివారు వచ్చి నేర్పితే మనం నేర్చుకున్నామన్న కథ కూడా పూర్తిగా సరైనది కాదు. ఉపాధి హామీ చట్టం అమలుకు 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో శ్రీకారం చుట్టారు. అదే ఏడాది ఆ జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ తొంభైలలో నడిపిన బహిరంగ విచారణల అనుభవం దానికి దారి చూపింది. కానీ ఒక సంఘం ఉద్యమంగా చేసిన పనిని ప్రభుత్వ యంత్రాంగంలోనే రోజువారీ పనిగా మార్చడం ఇక్కడ జరిగింది. 2009లో అందుకు ప్రత్యేక సంస్థ ఏర్పడింది. కూలీ కుటుంబాల నుంచి వచ్చిన చదువుకున్న యువతీయువకులు మస్టర్లు, అంటే హాజరు పట్టీలు, తీసుకుని ఇంటింటికీ వెళ్లి, జాబ్‌కార్డులో ఉన్న రోజులను, అసలు పనిచేసిన రోజులను పోల్చి చూస్తారు. ముందు గ్రామసభ, ఆపైన మండల స్థాయి ప్రజావేదిక. అధికారి, ఫీల్డ్ అసిస్టెంట్, ఫిర్యాదుదారు ఒకే షామియానా కింద మైకు ముందు నిలబడాల్సి వస్తుంది.

దీని పరిమితుల మీద కూడా పరిశోధన జరిగింది. ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికలను ఫర్జానా అఫ్రీది, వెగార్డ్ ఐవర్సెన్ వరుసగా పరిశీలించి, తనిఖీలు పెరిగినా అక్రమాల మొత్తం సంఖ్య తగ్గలేదని, కూలీ చెల్లింపుల నుంచి సామగ్రి ఖర్చుల వైపు, అంటే పట్టుకోవడం కష్టమైన వైపు జరిగాయని చెప్పారు. ఈ నివేదికలు తెలుగులో, వేలకొద్దీ పేజీల్లో ఉన్నాయి. వాటిని నేరుగా చదవగలిగిన ఎం.ఏ. విద్యార్థి అంతర్జాతీయ బృందంలో ఉంటే అతనిది సహాయకుడి స్థానం కాదు. ఆ పత్రాల్లో ఏది రివాజుగా రాసిన వాక్యమో, ఏది నిజంగా జరిగిన గొడవో చెప్పగలిగేది అతనొక్కడే.

పొదుపు సంఘాల చరిత్రా ఇలాంటిదే. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తొంభైలలో దక్షిణాసియా పేదరిక నిర్మూలన ప్రయోగానికి ఎంచుకున్న జిల్లాల్లో కర్నూలు, అనంతపురం ఉన్నాయి. ఓర్వకల్లు మహిళల పొదుపు సమాఖ్య పేరు ఆ రోజుల్లోనే బయటి రాష్ట్రాలకు తెలిసింది. ఆ అనుభవం మీదే 2000 తరువాత ‘వెలుగు’ అనే పేదరిక నిర్మూలన పథకం నిలిచింది, 2011లో దేశవ్యాప్త జీవనోపాధుల మిషన్ వచ్చింది. సంఘాలు నడపడంలో ఆరితేరిన తెలుగు మహిళలు బీహార్ లాంటి రాష్ట్రాల పల్లెలకు వెళ్లి వారాల తరబడి ఉండి అక్కడివారికి నేర్పారు. భాష రాని చోట ఒక సంఘసభ్యురాలు మరో సంఘసభ్యురాలికి పుస్తకం ఎలా రాయాలో చూపించడం కన్నా గట్టి పాలసీ బోధన ఏముంటుంది? ఏ కూటమి జాబితాలోనూ ఈ మహిళల పేరు కనబడదు.

ఒప్పందాలు, నిబంధనలు

హార్వర్డ్‌లో కలిసి పనిచేసిన లాంట్ ప్రిచెట్, మాట్ ఆండ్రూస్, మైఖేల్ వుల్కాక్ ప్రభుత్వాల గురించి ఒక మాట గట్టిగా చెబుతారు: బాగా పనిచేసే దేశాల సంస్థల ఆకారాన్ని అనుకరించి, పని మాత్రం చేయని సంస్థలు ప్రపంచం నిండా ఉన్నాయని. చట్టం ఉంటుంది, కార్యాలయం ఉంటుంది, బోర్డు ఉంటుంది; ఫలితం ఉండదు. పాలసీ స్కూళ్లు ప్రభుత్వాలకు చెప్పే ఈ పాఠం ఎక్కువగా వర్తించేది విశ్వవిద్యాలయాల మధ్య అవగాహన ఒప్పందాలకే. సంతకాల ఫొటో పత్రికలో పడుతుంది, శాలువాలు కప్పుతారు, వెబినార్ ఒకటి జరుగుతుంది. మూడేళ్ల తరువాత ఆ ఒప్పందం గురించి విభాగంలో అడిగితే ఫైలు ఎక్కడుందో వెతకాలి.

ఇందులో అధ్యాపకుల తప్పు కన్నా వ్యవస్థ తప్పు ఎక్కువ. విదేశీ విభాగంతో కలిసి ఒక తరగతి నడపాలంటే సాయంత్రాలు పోతాయి, పాఠ్యప్రణాళిక తిరగరాయాలి, మార్కుల పద్ధతి కలపాలి. ఈ శ్రమకు పనిభారం లెక్కలోనూ, పదోన్నతి లెక్కలోనూ విలువ లేకపోతే ఉత్సాహవంతుడైన ఒక అధ్యాపకుడు ఉన్నంతకాలమే అది నడుస్తుంది. ఖాళీ పోస్టులతో నెట్టుకొస్తున్న రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆ ఒక్కరు కూడా నాలుగు పనులు మోస్తుంటారు.

నిబంధనలు మరో అడ్డు. విదేశీ విశ్వవిద్యాలయాలతో ఉమ్మడి పట్టా, జంట పట్టాల కోసం యూజీసీ 2022 మేలో ఇచ్చిన నిబంధనల ప్రకారం, భారతీయ సంస్థకు నాణ్యత గ్రేడు ఇచ్చే సంస్థ న్యాక్‌లో కనీసం 3.01 స్కోరు ఉండాలి, లేదా జాతీయ ర్యాంకుల్లో విశ్వవిద్యాలయాల విభాగంలో మొదటి వందలో ఉండాలి, లేదా విశిష్ట సంస్థ హోదా ఉండాలి. విదేశీ సంస్థ ప్రపంచ ర్యాంకుల్లో మొదటి వెయ్యిలో ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ఈ నిబంధనలు ఆన్‌లైన్, దూరవిద్య కోర్సులకు వర్తించవు. అంటే కడపలో కూర్చుని పూర్తిగా ఆన్‌లైన్‌లో ఉమ్మడి పట్టా చదివే దారి ఇందులో లేదు. నాణ్యత కాపాడటానికే ఈ గీతలని సమర్థించవచ్చు. కానీ విమానం ఎక్కగలిగినవారికి తెరిచిన తలుపు ఎక్కలేనివారికి మూసి ఉంచడం ఎటువంటి నాణ్యతో అర్థం కాదు.

అందుకని పట్టా మాట ప్రస్తుతానికి పక్కన పెట్టడమే తెలివైన పని. ఇప్పటికే ఉన్న పేపరులో, ఇప్పటికే ఉన్న క్రెడిట్ల లోపల, ఒక సెమిస్టరులో ఆరు వారాల ఉమ్మడి ప్రాజెక్టుకు పాఠ్యమండలి ఆమోదం చాలు. ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

బోస్టన్ దాకా ఎందుకు?

భాగస్వామిని ఎంచుకునేటప్పుడు ర్యాంకు చూడటం కన్నా నేలను చూడటం మేలు. అనంతపురంలో ఏటా కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఈశాన్య బ్రెజిల్‌లోని సియరా రాష్ట్రంలోనూ చాలా భాగం ఇలాంటి మెట్ట నేలే. అక్కడ 2003 నుంచి స్వచ్ఛంద సంఘాల కూటమి ఇళ్ల పైకప్పుల నీటిని పట్టే 16,000 లీటర్ల తొట్లను పది లక్షలు కట్టాలన్న లక్ష్యంతో పని మొదలుపెట్టి, ప్రభుత్వాన్ని అందులోకి దింపింది. ఇక్కడ మనం పంట కుంటలు, చెక్‌డ్యాములు, హంద్రీ-నీవా కాలువ మీద ఆశపెట్టుకున్నాం. తాగే నీటిని ఇంటి దగ్గర పట్టడం ముందా, పొలానికి నీరు తేవడం ముందా అన్నది రెండు ప్రాంతాలు రెండు రకాలుగా తేల్చుకున్న విషయం.

పంట బీమా ఇంకా చక్కటి ఉదాహరణ. సియరాతో సహా బ్రెజిల్ మెట్ట ప్రాంతంలో చిన్న రైతులకు 2002 నుంచి ‘గరాంచియా సాఫ్రా’ అనే పథకం ఉంది. రైతు, మునిసిపాలిటీ, రాష్ట్రం, కేంద్రం తలా కొంత వేసిన నిధి అది. మునిసిపాలిటీ మొత్తం మీద పంట నష్టం నిర్ణీత హద్దు దాటితే అందులో చేరినవారందరికీ ఒకే మొత్తం వస్తుంది. మన దగ్గర రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. వాతావరణ ఆధారిత బీమాలో వర్షమాపకం చెప్పిందే లెక్క. రోడ్డుకు ఒక పక్క వాన పడి మరో పక్క దుమ్ము లేచే ఊళ్లలో ఆ యంత్రం ఎటువైపు ఉందన్నదే రైతు భవిష్యత్తు. దిగుబడి ఆధారిత బీమాలో పంట కోత ప్రయోగం లెక్క.

ఆ ప్రయోగం చూడవలసిన తంతు. లాటరీలో వచ్చిన సర్వే నంబరు పొలానికి సిబ్బంది వెళ్తారు. నైరుతి మూల నుంచి మొదలుపెట్టి, ముందే ఇచ్చిన యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారం ఇన్ని అడుగులు పొడవునా, ఇన్ని అడుగులు అడ్డంగా నడిచి, సాధారణంగా ఐదు మీటర్ల చదరాన్ని తాడుతో కొలిచి మేకులు కొడతారు. అందులోని వేరుశనగ మాత్రమే పీకి, కాయలు కోసి తూకం వేస్తారు. బీమా లెక్కకు ఒక యూనిట్‌గా తీసుకున్న ప్రాంతం మొత్తానికి పరిహారం ఉందో లేదో తేల్చేది ఇలాంటి కొన్ని ప్రయోగాల సగటే. గట్టు మీద నిలబడినవాళ్ల కళ్లన్నీ తాడు మీదే ఉంటాయి, మేకు ఒక అడుగు ఇటు జరిగితే మొక్కలు బలహీనంగా ఉన్న చోటు వస్తుందని అందరికీ తెలుసు కదా. యూనిట్ చిన్నదైతే రైతు నష్టానికి లెక్క దగ్గరగా వస్తుంది, కానీ ప్రయోగాల సంఖ్య, ఖర్చు, ఒత్తిళ్లు పెరుగుతాయి. యూనిట్ పెద్దదైతే ఒత్తిడి తగ్గుతుంది, ఎండిన పొలం రైతుకు పక్క ఊరి మంచి పంట శాపమవుతుంది. బ్రెజిల్ మునిసిపాలిటీని, ఆంధ్రప్రదేశ్ గ్రామాన్ని ఎందుకు ఎంచుకున్నాయన్నది రెండు దేశాల విద్యార్థులు కలిసి ఆరు వారాలు తవ్వినా తరగని ప్రశ్న.

ఇలాంటి పనిలో ఇక్కడి విద్యార్థి జాగ్రత్తగా చూసుకోవలసిన చిక్కు ఒకటి ఉంది. 2022 ఏప్రిల్‌లో కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీసత్యసాయి జిల్లాలు విడిపోయాయి; కడపలో కొంత అన్నమయ్య జిల్లాలో కలిసింది. పాత లెక్కల్లోని అనంతపురం, కొత్త లెక్కల్లోని అనంతపురం ఒకటి కావు. విదేశీ సహచరుడు పదేళ్ల దిగుబడుల గ్రాఫ్ గీసి ఒక్కసారిగా పడిపోయిన గీతను కరువనుకునే ప్రమాదం ఉంది. మండలాల వారీగా తిరిగి కూర్చితేనే పోలిక నిలుస్తుంది.

సెమిస్టర్ల పట్టికా కలిసొస్తుంది. ఖరీఫ్ వేరుశనగ అక్టోబరు, నవంబరులో చేతికొస్తుంది. పంట కోత ప్రయోగాలు జరిగేది అప్పుడే, ఎంపికైన సర్వే నంబర్ల జాబితా ముందుగానే వ్యవసాయ, గణాంక శాఖల సిబ్బంది దగ్గర ఉంటుంది. బ్రెజిల్ విశ్వవిద్యాలయాల రెండో సెమిస్టరు ఆగస్టు నుంచి డిసెంబరు దాకా నడుస్తుంది. సియరాలో వానలు ఫిబ్రవరి నుంచి మే లోపల ముగుస్తాయి కాబట్టి, ఇక్కడ తాడు పరిచే నాటికి అక్కడ ఆ ఏటి కోతలు అయిపోయి ఉంటాయి. సెప్టెంబరులో మొదలుపెడితే అక్కడివారు తమ పంట లెక్కలతో వస్తారు, ఇక్కడివారు పొలానికి వెళ్తారు.